బాల్కనీ కింద ఇరవై మంది

బుగ్గయ్య పాతికేళ్ళుగా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళల్లోకి పోయి వస్తూనే ఉన్నాడు గానీ, ఏ ఇంట్లోనూ ఎవరూ అతన్ని కూర్చోమన్నది లేదు. అనడానికి మనుషులుంటే కదా! అతను వెళ్ళేసరికి సామాను ఖాళీ అయిపోయి, గోడలకు క్యాలెండర్ల మేకులు మాత్రం మిగిలి ఉంటాయి. పాత ఇళ్ళు కూల్చడం అతని పని. పాలమూరు నుంచి మట్టి మోసే కూలీగా వచ్చి, రాంనగర్ బస్తీలో గది కిరాయికి తీసుకుని, ఏ దూలం తీస్తే ఏ గోడ కదులుతుందో చెప్పగల మేస్త్రీ అయ్యాడు. భార్య కురుమమ్మ తట్ట మోస్తుంది. మొగుడి నోటికి రాని మాటల బరువు కూడా ఆమెదే.

ఆ ఆదివారం పొద్దున ఏడు గంటలకు బుగ్గయ్య ఒక బాల్కనీ కేసి చూస్తూ నిలబడ్డాడు.

అశోక్‌నగర్ వైపు పోయే సందులో ఉందా ఇల్లు. వీధిలోంచి చూస్తే పెళ్ళికి ముస్తాబైనట్టే ఉంటుంది. కమాను కిటికీలు, గోడ మీద సున్నపు పూలు, సందు మీదికి బారెడు ముందుకొచ్చిన బాల్కనీ, దాని కింద ఇరువైపులా అరుగులు. లోపల మాత్రం డొల్ల. పాత ఇంట్లో ముందు అమ్ముడుపోయేది టేకు. అందుకని తలుపులూ దూలాలూ ముందు తీసేస్తారు, వీధి ముఖం చివరిదాకా ఉంచుతారు. ఆ బాల్కనీని మోస్తున్నది లోపలి గదుల దూలాలే. గోడలోంచి బయటికొచ్చిన వాటి కొసల మీద అది కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం కాంట్రాక్టర్ నరేంద్ర ఆ దూలాలను లోపలివైపు కోయించేశాడు.

"సేఠ్, కింద ఆసరకు సర్వి కట్టెలు నిలబెడ్దం" అని అప్పుడే అన్నాడు బుగ్గయ్య.

"రేపు పొద్దుగాల ఎనిమిదింటికి ట్రాక్టరొస్తది, తాడేసి గుంజుతం. గప్పటిదాంక గీ సందుల ఎవడొస్తడు? ఆదివారం" అన్నాడు నరేంద్ర. బండెక్కుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "పర్మిషన్ కాగితం ఇంక రాలే. ఎవలన్న అడిగితే రిపేరని చెప్పు. కూలగొడుతున్నమని నోరు జారినవనుకో, నా సైట్ల దిక్కు మళ్ళ రాకు. నీ పెండ్లాం గూడ."

ఎవడొస్తాడన్న ప్రశ్నకు జవాబు సందు మలుపులోంచి రానే వచ్చింది. ఒకరు కాదు, ఇరవై మంది. టోపీలు, నీళ్ళ సీసాలు, మెడల్లో కెమెరాలు. వాళ్ళకు ముందు, నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని ప్రహ్లాద్ గారు. బ్యాంకు ఉద్యోగం అయిపోయాక ఆదివారాలు జనాన్ని పాత వీధుల వెంట నడిపించడం ఆయనకు పనైంది. ఆ రోజు నారాయణగూడలో బయలుదేరి, చిక్కడపల్లి లైబ్రరీ ముందు ఆగి, ఇటు మళ్ళారు.

"ఇప్పుడు మనం చూడబోయే ఇంటిని నేను పదేళ్ళుగా ప్రేమిస్తున్నాను" అంది స్పీకరు.

సరిగ్గా అప్పుడే తుంపర మొదలైంది. ఇరవై మందీ చకచకా వచ్చి బాల్కనీ కింద చేరారు.

బుగ్గయ్య వాళ్ళకు ఎదురెళ్ళాడు. సున్నం తడిస్తే బరువెక్కుతుంది.

"సార్, జర అవతలికి జరుగుండ్రి. పని నడుస్తున్నది."

"ఏం పని?"

బుగ్గయ్య గడప దగ్గర ఊడుస్తున్న కురుమమ్మ వంక చూశాడు. ఆమె చేతిలోని చీపురు వంక చూసుకుంది.

"రిపేరు" అన్నాడు.

ప్రహ్లాద్ గారి ముఖం చూడాల్సిందే. ఆయన మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నారు. "విన్నారా? ప్రతి నెలా ఈ వీధుల్లో ఒక ఇల్లు తక్కువవుతోంది. మొదటిసారి ఒక ఇంటిని బాగు చేయించుకుంటున్నారు! ఈ మేస్త్రీకి ఒకసారి చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. నవత అనే అమ్మాయి బుగ్గయ్యను చెయ్యి పట్టి లాగి, బాల్కనీకి సరిగ్గా నడుమన నిలబెట్టి ఫొటో తీయించుకుంది. విద్యావతమ్మ అనే పెద్దావిడ మోకాళ్ళు నిమురుకుంటూ అరుగు మీద చతికిలబడింది. ఎవరో వెనకనుంచి అడిగారు, పాత సున్నంలో ఏం కలుపుతారని.

ఇక్కడే బుగ్గయ్య పెద్ద తప్పు చేశాడు. ఏం చెయ్యమంటారు? పాతికేళ్ళలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. "ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు" అని చెప్పేశాడు. "గానుగల తిప్పి తిప్పి వెన్న లెక్క చేస్తుండ్రి. గందుకే గడ్డపారకు గూడ ఒకపట్టాన లొంగది."

వినబడలేదని వెనకవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

"ఏమయ్యో, పంతులువైనవా?" అంది కురుమమ్మ పళ్ళ బిగువున. "పంపియ్యమంటే పాఠం చెప్తున్నవు!" తర్వాత తనే గొంతు పెంచింది. "అమ్మా, జరుగుండ్రి! గీడ తేళ్ళున్నయి!"

"ఎక్కడ? ఎక్కడ?" అంటూ నవత ఫోను పట్టుకుని గోడ వారకు వంగింది.

ప్రహ్లాద్ గారి టోపీ మీద చిటికెడు సున్నం రాలింది. ఆయన దులుపుకుని మాట్లాడుతూనే ఉన్నారు. బుగ్గయ్య తలెత్తాడు. బాల్కనీకీ గోడకీ మధ్య ఇందాక గోరు పట్టేంత సందుండేది. ఇప్పుడు వేలు పడుతుంది. పక్కకు జరిగి నరేంద్రకు ఫోను చేశాడు.

"సేఠ్, ఇరవై మంది బాల్కని కిందున్నరు. జరుగుమంటే జరుగుతలేరు. అసలు సంగతి చెప్పమంటవా?"

"పాగలైనవా? వానకు నిలబడ్డరు, వెలిసినంక పోతరు. రిపేరనే చెప్పు. మాట మారిందనుకో, నీకు పని లేదు."

ఏడేళ్ళుగా నరేంద్ర సైట్లు తప్ప బుగ్గయ్యకు వేరే అడ్డా తెలియదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కురుమమ్మ అతని ముఖం చూసి అంతా అర్థం చేసుకుంది.

"నన్నేం చూస్తవు? పైకి చూడు" అంది.

బుగ్గయ్య ప్రహ్లాద్ గారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్, రిపేరు కాదు. అబద్ధం చెప్పిన. మేం దీన్ని కూలగొడుతున్నం. లోపల దూలాలు నిన్ననే కోసినం. ఇది ఎప్పుడన్న పడ్తది. బయటికి రాండ్రి."

ఈ మాటతో జనం పరుగెడతారనుకున్నాడు పాపం. చదువుకున్నవాళ్ళ తీరు అతనికి తెలియదు. వాళ్ళు ఉన్నచోటే నిలబడి కొట్లాటకు దిగారు.

"కూలగొడుతున్నరా?" ప్రహ్లాద్ గారి గొంతులోంచి మైకు తెలుగు ఎగిరిపోయింది. "ఎవరిచ్చిండ్రయ్యా పర్మిషన్? ఏది, కాగితం చూపెట్టు! మీ కాంట్రాక్టర్ నంబరియ్యి!"

"అన్నా, మళ్ళీ ఒకసారి చెప్పవా? వీడియో తీస్తా" అంది నవత.

"సార్, కాగితం తర్వాత..."

"తర్వాతేంది? ఇక్కడి నుంచి కదలం! ఇక్కడ్నే కూసుంటం!"

కూర్చోవడానికి ఇద్దరు అరుగు తుడుచుకున్నారు కూడా. పైనుంచి ఈసారి గుప్పెడు సున్నం రాలింది.

బుగ్గయ్య ప్రహ్లాద్ గారి చేతిలోని మైకు గుంజుకున్నాడు. తన గొంతు అంత పెద్దగా వినడం అతనికదే మొదటిసారి. "ఇల్లు కూలగొడుతున్నం! బాల్కని పడ్తున్నది! ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!"

సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. చుట్టూ ఉన్న మూడంతస్తుల మేడల్లో ఆ మాట వినని చెవి లేదు. జనం అప్పుడు కదిలారు, సీసాలు దొర్లిస్తూ, ఒకరి చెప్పు ఒకరు తొక్కుతూ. ప్రహ్లాద్ గారిని స్పీకరు వైరుతో సహా కురుమమ్మ ఎదుటి గోడ దాకా ఈడ్చుకుపోయింది.

అరుగు మీద విద్యావతమ్మ మిగిలిపోయింది. లేవబోయి మళ్ళీ కూలబడింది. "మోకాలు పట్టేసింది బిడ్డా."

బుగ్గయ్య బాల్కనీ కిందికి వెళ్ళాడు. పైకి చూడలేదు. సున్నం చేతులతో ఆమెను ఎట్లా ముట్టుకోవాలో తెలియక ఒక క్షణం ఆగాడు. ఆ క్షణం అతనికి చాలా పొడుగ్గా అనిపించింది.

"పట్టుకోవయ్యా, సిగ్గుపడతవేంది!" అందామె. అతని మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ కుంటుతూ సందు దాటారు.

తర్వాత ఏమీ జరగలేదు.

అయిదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. వాన వెలిసింది. బాల్కనీ ఏమీ ఎరగనట్టు అట్లాగే ఉంది. జనం బుగ్గయ్య వంక అదోలా చూడసాగారు. "మనల్ని పంపించడానికి ఎత్తు వేశాడేమో" అని ఎవరో అన్నారు. బుగ్గయ్య మనసులో పడు, పడు అనుకుంటున్నాడు. ఎనభై ఏళ్ళ బాల్కనీ తన మాట నిలబెట్టడానికి పడాలని కోరుకుంటున్నందుకు అతనికే సిగ్గేసింది.

"గట్టిగనే ఉన్నది కదా" అన్నారు ప్రహ్లాద్ గారు. "ఆ కోసిన దూలాల కొసలను ఒక్క ఫొటో తీస్తే కార్పొరేషన్‌కు పంపొచ్చు." అంటూనే సందులోకి దిగి నాలుగడుగులు వేశారు.

బుగ్గయ్య వెనకనుంచి ఆయన చొక్కా కాలరు పట్టుకుని గుంజాడు. గుండీ తెగి ఎగిరిపోయింది.

"సార్ కాలర్ పట్టుకుంటవా!" అని అరిచారెవరో. ప్రహ్లాద్ గారు వెనక్కి తిరిగి చెయ్యెత్తారు.

ఆ చెయ్యి దిగకముందే పెద్దగా ఏదో విరిగింది. బాల్కనీ ముందుకు వంగి, అరుగుల మీదుగా సందు నడిమధ్యకు వచ్చి కూలింది. దుమ్ములో కాసేపు ఎవరికి ఎవరూ కనబడలేదు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్రహ్లాద్ గారు లేని గుండీని పెట్టుకోవడానికి తంటాలు పడ్డారు.

బుగ్గయ్య ఫోను మోగింది.

"మైకుల చెప్పినవంట? సందుల నుంచి ముగ్గురు ఫోన్ చేసిండ్రు" అన్నాడు నరేంద్ర.

"చెప్పిన సేఠ్. బాల్కని పడ్డది. ఎవలకేం కాలే."

"రేపటిసంది రాకు."

ఫోను తెగింది.

"ఏమన్నడు?" అని అడిగారు ప్రహ్లాద్ గారు, నేల వంక చూస్తూ.

"రేపు సెలవంట సార్."

"రేపే కాదు, ఎల్లుండి గూడ" అంది కురుమమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ముందుగాల కట్టెలు పెట్టమంటే వినకపాయె."

బుగ్గయ్య తల పైకెత్తి చూశాడు. బాల్కనీ పోయిన చోట పైగోడ కొంచెం బయటికి ఒరిగి ఉంది. వెంటనే పనిముట్లలోంచి తాడు తెచ్చి, జనం అటు పోకుండా సందుకు అడ్డంగా లాగడానికి ఒక కొసను కరెంటు స్తంభానికి కట్టాడు. ఈ చివర కట్టడానికి ఏమీ లేదు.

"సార్, ట్రాక్టరోళ్ళు వచ్చేదాంక ఇది జర గట్టిగ పట్టుకోండ్రి. ఎవల్నీ లోపలికి పోనియ్యొద్దు" అన్నాడు.

ప్రహ్లాద్ గారు తాడు కొసను అందుకుని రెండు చుట్లు చేతికి చుట్టుకున్నారు.