పెన్సిల్ రాతల వెంట పాలమూరు దాకా

శనివారం పొద్దున ఆరూ పదికి నకిరేకల్లులో నల్లగొండ బస్సెక్కాను. సంచిలో రెండు చీరలు, మా జిల్లా ఆరోగ్యాధికారి సంతకం చేసిన అనుమతి పత్రం, మడతపెట్టిన పటం ఒకటి. కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. జిల్లా ఆరోగ్య శాఖలో గణాంకాలు చూడటం నా ఉద్యోగం. ఏ ఊరి తల్లులకు పుట్టిన పిల్లలు ఎంత తూకం ఉన్నారో దవాఖానల కాన్పు రిజిస్టర్ల నుంచి తీసి పటం మీద గుర్తులు పెడతాను. తక్కువ తూకం పిల్లలు ఎక్కువగా పుట్టే ఊరికి ఎరుపు, అంతా బాగున్న ఊరికి పచ్చ. ఎర్ర గుర్తు పడిన ఊళ్లలో ముందుగా తాగునీళ్లు పరీక్ష చేస్తారు. తూకం తగ్గడానికి నీళ్లే కారణమని పటం చెప్పదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. మా వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఆ వెతుకులాటకు విలువ ఉంది.

పోయిన ఏడు దేవరకొండ అవతల ఒక చిన్న ఊరికి పచ్చ గుర్తు పెట్టాను. దాన్ని గట్టుగూడెం అందాం. అసలు పేరు రాయను, ఆ ఊరి పిల్లల పెళ్లి సంబంధాలకు నా రాతలు అడ్డం రాకూడదు. ఎత్తు మీద ఉండటంతో నల్లా నీళ్లు అక్కడికి ఎక్కవు. ఊరంతా ఒక బోరు మీదే బతుకుతోంది.

గురువారం ఆ ఊరి ఆశా కార్యకర్త యాదమ్మ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి, ముదురు నీలం చీర, చంకలో స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్కు.

"మా ఊరికి పచ్చ రంగు ఎవరు పెట్టిండ్రు మేడం?"

"నేనే. మీ ఊరి పేరు మీద తక్కువ తూకం బిడ్డ ఒక్కరూ లేరు."

"మా ఊరి కోడండ్ల కాన్పులు అసలు మా ఊరి పేరు మీద లేవు గద! తల్లిగారింటికి పోయి కంటరు. బిడ్డ గక్కడి లెక్కల్ల పడతది. మీరు కాన్పుకు ఏడికి పోయిండ్రు?"

నాలుక కరుచుకున్నాను. నా పెద్దకూతురు పుట్టింది మోత్కూరులో, మా అమ్మగారింట్లో. ఏడో నెలలో నన్ను తీసుకుపోయి, బిడ్డకు మూడో నెల వచ్చాక పంపారు. ఇంత అనుభవం పెట్టుకుని, తల్లి కడుపుతో ఉండి నీళ్లు తాగింది ఒక ఊళ్లో, కన్నది మరో ఊళ్లో అన్న ముక్క ఇన్నేళ్లు నాకు తట్టలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

సోమవారం పదకొండుకు కలెక్టరేట్‌లో మీటింగు. ఈ ఏడు ఏ ఊళ్లకు ముందుగా మంచినీళ్లు ఇవ్వాలో అందులో తేల్చేస్తారు. యాదమ్మ కోడలు సరితకు ఇప్పుడు మూడో నెల. మొదటి బిడ్డ మరీ చిన్నగా పుట్టింది. "పచ్చ రంగు గట్లనే ఉంటె ఇంకో ఏడాది గా నీళ్లే తాగుతది మేడం," అన్నది యాదమ్మ. చేతిలో ఉన్నవి రెండు రోజులు. గట్టుగూడెం కోడళ్లలో ఎక్కువమంది పాలమూరు వైపు పిల్లలే. అందుకే ఈ ప్రయాణం.

ఏడున్నరకు నల్లగొండ బస్టాండులో ఇడ్లీ తిని దేవరకొండ బస్సు పట్టుకున్నాను. తొమ్మిదిన్నరకు దిగేసరికి యాదమ్మ కల్వకుర్తి బస్సులో సీటు మీద కొంగు పరిచి కూర్చుంది. "ఎవరొచ్చినా లేపలేకపోయిండ్రు," అన్నది గర్వంగా.

డిండి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు, నడుమ నల్ల బండరాళ్లు. ఒక స్టేజీ దగ్గర ముసలి గొల్లాయన ఎక్కాడు. భుజాన గొంగడి, అందులోంచి తల బయటపెట్టిన గొర్రెపిల్ల.

కండక్టర్ ముఖం చిట్లించాడు. "దీనికి టికెట్ ఎవలు కొంటరు?"

"ఆడపిల్లనే సార్, ఫ్రీ కొట్టు," అన్నాడు ముసలాయన తాపీగా.

బస్సంతా గొల్లుమంది. కండక్టర్ కూడా నవ్వి వదిలేశాడు. ఆయన మా వెనక సీట్లోనే కూర్చున్నాడు. ఎక్కడి దాకా అని అడిగితే బిడ్డ ఊరి నుంచి ఇంటికి పోతున్నానన్నాడు. అల్లుడు గట్టుగూడెం దగ్గరివాడే.

"అంత దూరం ఎట్ల ఇచ్చినవు పెద్దయ్యా?" అని అడిగాను.

"దూరమేంది తల్లీ! కోతలయినంక మందలు తోలుకొని హాలియా కాలువ దిక్కు పోతం. నడుమ గీ ఊర్లల్ల మంద దిగుతది. మంద పోయే తొవ్వనే సంబంధాలు కలుస్తయి."

నా పటం మీద జిల్లా సరిహద్దు లావాటి గీత. గొర్రెలకు ఆ గీతతో పనిలేదు, పెళ్లిళ్లకూ లేదు. దాన్ని పట్టుకుని వేలాడింది నేనొక్కదాన్నే.

దాహం వేసి యాదమ్మ సీసా అందుకోబోయాను. ఆమె లాగేసుకుంది. "గిది మా బోరు నీళ్లు, మీకొద్దు." ఒక్క గుక్క నోట్లో వేసుకుని చూశాను. తియ్యగా, చల్లగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక అంత రుచైన నీళ్లు తాగలేదేమో అనిపించింది. ఆ ఊరివాళ్లు ఎందుకు అనుమానపడలేదో అప్పుడు అర్థమైంది.

పదకొండున్నరకు కల్వకుర్తి. సర్కారు దవాఖాన కాన్పుల వార్డులో షహనాజ్ అనే నర్సు డ్యూటీలో ఉంది. సన్నటి మనిషి, కళ్లద్దాలు, మాటలో తొందర. విషయం చెప్పగానే రిజిస్టర్ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తల్లుల పేర్లు బయటోళ్లకు చూపియ్యం మేడం."

అనుమతి పత్రం ఇచ్చాను. చదివింది. మళ్లీ చదివింది. తన పైఅధికారికి ఫోన్ చేసి అడిగింది, ఆయన మా జిల్లాకు ఫోన్ చేసి అడిగాడు. గంటన్నర గడిచింది. నాకు ముక్కు మీదే కోపం, రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మెట్ల మీద కూర్చుని యాదమ్మ పెట్టిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాక కోపం దిగింది. నా కూతురి వివరాలు ఉన్న పుస్తకానికి ఇలాంటి మనిషే కాపలా ఉండాలని కోరుకుంటాను కదా.

ఒంటిగంటకు అనుమతి వచ్చింది. రిజిస్టర్ తెరిచాను. ఊరి పేరు అన్న గడిలో అన్నీ తల్లిగారి ఊళ్లే. కాన్పుకు తీసుకొచ్చేది తల్లి, ఊరి పేరు చెప్పేదీ ఆమే. ఇంక చేసేదేముంది అనుకుంటూ పేజీలు తిప్పుతుంటే కొన్ని వరుసల చివర, మార్జిన్‌లో, పెన్సిల్‌తో చీమ తలంత అక్షరాలు కనిపించాయి.

"ఇవేంటి షహనాజ్?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "రూల్ ఏం లేదు మేడం, నా అలవాటు. బిడ్డ చిన్నగ పుడితే ఫికర్ అయితది. రేపు అత్తగారింటికి పోయినంక ఎవలు చూడాలె? అందుకే అత్తగారి ఊరు అడిగి రాసుకుంట. గా ఊరి ఆశమ్మకు ఫోన్ చేస్త."

"కల్వకుర్తి నర్సమ్మ నువ్వేనా!" అని యాదమ్మ లేచి నిలబడింది. ఇద్దరూ ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నవాళ్లే, ముఖాలు చూసుకోవడం ఇదే మొదలు. షహనాజ్ వెంటనే టీ చెప్పింది.

ఆ పెన్సిల్ రాతల్లో గట్టుగూడెం పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. అయితే పెన్సిల్ పడింది చిన్న బిడ్డల పక్కనే. అవి మాత్రమే లెక్కపెడితే ఆ ఊరికి అన్యాయంగా ఎరుపు పెట్టినట్టు అవుతుంది. అప్పుడు యాదమ్మ నోట్‌బుక్కు తెరిచింది. ఊరికి వచ్చిన ప్రతి కోడలి పేరు, తల్లిగారి ఊరు, నెలలు నిండే తేదీ అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ఆమె చదువుతుంటే షహనాజ్ వెతికింది. నేను పేర్లు వదిలేసి నెల, తూకం మాత్రం రాసుకున్నాను. బాగా పుట్టిన బిడ్డలూ ఉన్నారు, వాళ్లనూ రాశాను.

ఒక పేజీలో యాదమ్మ వేలు ఆగిపోయింది. సరిత పేరు. దాని పక్కన తూకం, మార్జిన్‌లో పెన్సిల్. "నా మనవరాలు," అన్నది మెల్లగా. "ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నది. మంచిగనే ఉన్నది, కని ఈడు పిల్లల పక్కన నిలబడితె చిన్నగ కనబడతది."

అదే ఇంటి చిరునామాతో కొన్ని పేజీల ముందు మరో పేరుంది. సరిత అక్క. హాలియా దగ్గర కాలువ నీళ్లు తాగే ఊరికి ఇచ్చారని యాదమ్మ చెప్పింది. అదే తల్లిగారిల్లు, అదే దవాఖాన, అదే త్రాసు. అక్క బిడ్డ నిండు తూకం, చెల్లెలి బిడ్డ చాలా తక్కువ. ఇలాంటి అక్కాచెల్లెళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని ముగ్గురం మళ్లీ మొదటి పేజీ నుంచి పట్టాం. ఒక్క జోడీతో నేను సంబరపడే మనిషిని కాను. సాయంత్రం నాలుగున్నరకు లేచేసరికి మరికొన్ని జోడీలు దొరికాయి. దాదాపు అన్నిటిదీ అదే కథ.

జడ్చర్ల మీదుగా పాలమూరు, అదే మహబూబ్‌నగర్, చేరేసరికి ఏడు. బస్టాండు ఎదురుగా లాడ్జిలో రెండు మంచాల గది తీసుకున్నాం, బకెట్‌తో వేడినీళ్లు ఇచ్చారు. ఆడవాళ్లు అటువైపు వెళితే భయపడకుండా దిగవచ్చు. ఆదివారం పొద్దున పెద్ద దవాఖానకు వెళ్లాం. షహనాజ్ ముందే ఫోన్ చేసి చెప్పింది కాబట్టి గుమ్మం దగ్గర ఆగాల్సిన పని పడలేదు. అక్కడ పెన్సిల్ రాతలు లేవు, యాదమ్మ పుస్తకమే దిక్కయింది. ఒంటిగంట కల్లా ముగించి, బస్టాండు దగ్గర భోజనం చేసి రెండింటికి వెనక్కి బయలుదేరాం. బస్సులో ఒళ్లో కాగితం పెట్టుకుని లెక్క సరిచూస్తుంటే యాదమ్మ నా వైపే చూస్తోంది.

"ఏమైంది మేడం?"

"మీ ఊరు ఎరుపే యాదమ్మా. ముదురు ఎరుపు."

ఇంత చెడ్డ మాటకు అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని దేవరకొండ దాకా వదల్లేదు. నేను ఆ రాత్రి నల్లగొండలో మా చెల్లెలింట్లో పడుకున్నాను.

సోమవారం మీటింగులో పటం గోడకు వేలాడుతోంది. గట్టుగూడెం మీద నా పచ్చ చుక్క అమాయకంగా మెరుస్తోంది. లేచి అది తప్పని చెప్పాను.

"పోయిన ఏడు ఆ చుక్క పెట్టింది మీరే కదమ్మా?" అన్నాడు పెద్ద అధికారి.

"నేనే సార్. తప్పు నాదే. కాన్పు అయిన ఊరు చూశాను, తల్లి కడుపుతో గడిపిన ఊరు చూడలేదు."

గదిలో ఎవరో దగ్గారు. ఒక డాక్టర్ అడిగాడు, తూకం తగ్గడానికి తిండి కూడా కారణం కావచ్చు కదా అని. మంచి ప్రశ్నే. అక్కాచెల్లెళ్ల లెక్క ముందు పెట్టాను. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు, ఒకే ఇంటికి కాన్పుకు వచ్చినవాళ్లు, నడుమ నీళ్లు తాగిన ఊళ్లు మాత్రం వేరు. "నీళ్లే కారణమని నేను అనటం లేదు సార్. ఆ బోరును ఇవాళే పరీక్ష చేయమంటున్నాను."

డాక్టర్ కాగితం తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. "ఇది ముందే చూడాల్సింది," అన్నాడు. ఎవరూ నీళ్లు నమలలేదు. అధికారి అక్కడి నుంచే నీటి సరఫరా ఇంజనీరుకు ఫోన్ చేసి, పరీక్ష పెట్టెతో జీపు పంపమన్నాడు. పొద్దున్నే బస్సులో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ యాదమ్మను చూసి, "తొవ్వ చూపియ్యనీకి ఈమెను ముందు సీట్లో కూసోబెట్టుండ్రి," అన్నాడు. తర్వాత నాతో, ఇక మీద ప్రతి కాన్పు ఫారంలో 'కడుపుతో ఉన్నప్పుడు ఉన్న ఊరు' అని ఒక గడి పెట్టించమన్నాడు. పాలమూరు వైపు కూడా అలాగే చేయమని ఉత్తరం రాస్తానన్నాడు. బయటికొచ్చి ముందుగా షహనాజ్‌కు ఫోన్ చేశాను. "అయితే నా పెన్సిల్ పక్కన పెట్టొచ్చా మేడం?" అని నవ్వింది. వద్దన్నాను.

నాలుగింటికి నకిరేకల్లు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటిన కాసేపటికి ఫోన్ మోగింది.

"మేడం!" యాదమ్మ గొంతుకు పక్క సీటావిడ కూడా ఉలిక్కిపడింది. "పెట్టెల నీళ్లు పోసి రంగు చూసిండ్రు. ఫ్లోరైడ్ ఎక్కువున్నదట! ఎవలు తాగొద్దని బోరుకు ఎర్ర రంగు ఏసిండ్రు. రేపు పొద్దుగాల నుంచి ట్యాంకర్ వస్తదట, నల్లా నీళ్లు ఎక్కనీకి మోటర్ పెడ్తరట. ఊరంత గీడనే ఉన్నది!"

కళ్లు తుడుచుకున్నాను. ఈ ఉద్యోగంలో ఎన్ని పటాలు గీశానో లెక్కలేదు. ఒక చుక్క రంగు మారితే ఇంత ఆనందం ఉంటుందని తెలియదు. ఈ దారిలో వెళ్లదలచినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రిజిస్టర్ తెరిచినప్పుడు మార్జిన్లు కూడా చూడండి, ఊరి సంగతి ఊళ్లో తిరిగే మనిషిని అడగండి.

ఫోన్ ఇంకా కట్ కాలేదు. అటువైపు ఎవరో చిన్న గొంతుతో ఫోన్ ఇమ్మని అడుగుతున్నారు.

"మేడం, నేను సరితను. గీసారి కూడ కాన్పుకు అమ్మగారింటికే పోత. మా అమ్మ ఊకోదు."

"వెళ్లు తల్లీ, హాయిగా వెళ్లు."

"కని ఏ ఊరు అని అడిగితే ఇగ మా అమ్మను చెప్పనియ్య. నేనే చెప్త, గట్టుగూడెం అని."