ఊడ్వని ఆకు

ఆళ్లగడ్డకు తూర్పున, కొండ మొదట్లో మాకున్న బీడును ఎవరో వచ్చి పాడుచేయలేదు. మేమే చేశాం. నేను కాపురానికి వచ్చినప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేది. మేపి మేపి గరుసురాళ్లు తేల్చాం. మిగిలినవి తంగేడు పొదలు, బందారు పొదలు, వాటి కింద రాలిన ఆకు. ఆ ఆకునూ వదల్లేదు. నీళ్లపొయ్యి రాజెయ్యడానికి పొరకతో ఊడ్చి గోతాల్లో నింపుకొచ్చేదాన్ని. నేను వదిలినదానికి మా బావ, అంటే నా పెనిమిటి అన్న, ఎండాకాలంలో అగ్గి పెట్టేవాడు. కాలిస్తే కొత్త గడ్డి వస్తుందని గొర్రెల వాళ్ల నమ్మకం. వచ్చేది, ఒక్క వానకు. ఆ తర్వాతి వాన బూడిదనంతా వంకలోకి తోసేది.

మూడేళ్ల కిందట నా పన్నెండు గొర్రెలకు మేత లేకుండా పోయింది. ఈ వయసులో నేను చర్చిలో పెట్టిన రాత్రిబడిలో కూర్చుని అక్షరాలు దిద్దిన ఏడాది అది.

"అమ్మెయ్ మ్మే," అన్నాడు బావ. "గడ్డి లేకుంటే నువ్వు నేర్చిన అచ్చరాలు మేపుతావా?"

నా బతుకు ఆ గొర్రెల మీదే. వానలు పోయేదాకా చూద్దామన్నాను.

ఎండలు ముదిరాక నంద్యాల నుంచి వ్యవసాయం చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. రాలిన ఆకు మట్టిలో ఎట్లా కలుస్తుందో చూడాలంది. దోమతెర గుడ్డతో కుట్టిన సంచుల్లో ఆకు నింపి, పొదల కింద నేలకు ఆనించి కట్టింది. నెలకు రెండు సంచులు విప్పి, తేదీ రాసి, నీడన ఆరబెట్టమని నాకు అప్పజెప్పింది.

మొదటి నెల చినుకు పడలేదు. సంచుల నిండా దుమ్ము. చదువుకున్నవాళ్ల చేతికి దుమ్ము ఎట్లా ఇస్తామని, తొట్టిలో ముంచి రెండుసార్లు జాడించి ఆరేశాను. నీళ్లు డికాక్షన్‌లా ఎర్రగా దిగాయి. ఆ అమ్మాయి వచ్చి చూసి తల పట్టుకుంది.

"అవ్వా, కడిగినావా?"

"కడగక? అంత దుమ్ముండె గదమ్మా."

"ఆ నీళ్లు యాడ పోసినావు?"

"గచ్చు మీద. ఇంగ యాడ పోస్తారు?"

"ఆకులో సారం ముందు నీళ్లలోకే దిగుతాది అవ్వా. వానైతే పొద వేరుకు పోసేది. నువ్వు గచ్చుకు పోసినావు."

పాపం, ఆమె ఒక నెల పని నీళ్లపాలైంది. నాకు మాత్రం నలభై ఏళ్లుగా ఊడ్చుకొచ్చిన గోతాలు గుర్తొచ్చాయి. అదంతా స్నానాల కింద పొగై పోయింది.

ఆ రోజే ఊడ్వడం మానేశాను. పొయ్యికి కందికట్టె చాలు. బావ అగ్గిపెట్టె పట్టుకొస్తే, బీడులో నా భాగానికున్న గట్టు మీద అడ్డం నిలబడ్డాను.

"చదువొచ్చినాక పొరక మర్చిపోయినావేమ్మే?"

"మర్చిపోలే బావా. గట్టు దాటినావంటే తిరగేస్తా."

తర్వాత సంచులు కడగలేదు. వానలు పడ్డాక తంగేడాకు నెలనెలా తగ్గింది. క్రిస్మస్ నాటికి ఈనెలు మిగిలాయి. జిగట పూసినట్టుండే బందారాకు మాత్రం గలగలమంటూనే ఉంది. రెండో వానకాలానికి గానీ అది మెత్తబడలేదు. మరి గడ్డేదని అడిగితే ఆ అమ్మాయి తొందరపడొద్దంది. ఆకును కుళ్లబెట్టే పురుగు ముందు తన కడుపు నింపుకుంటుందట. మిగిలిందే వేరుకు.

మొదటి ఏడు గడ్డి రాలేదు. నాలుగు గొర్రెలు అమ్మాను. రెండో ఏడు పొదల చుట్టూ పలచగా వచ్చింది. ఈ ఏడు కొన్నిచోట్ల ఒక పొద గడ్డి ఇంకో పొద గడ్డిని అందుకుంది. మిగతాది ఇంకా గరుసే. అయినా మొన్న గొర్రెల బేరగాడు వస్తే వెనక్కి పంపాను.

నిన్న బావ గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"రెండు దినాలు నా గొర్రెలు ఈ పక్కకు తోల్తా మ్మే."

"గడ్డి విత్తనం రాలనీ."

"ఎప్పుడు రాల్తాది?"

"రాలినప్పుడు. నావే ఇంగా గట్టు బయట ఉండాయి, నీ తొందరేంది?"

నా ఎనిమిదీ ఇప్పుడు కందిచేల గట్ల మీద మేస్తున్నాయి. రెండు చూలుతో ఉన్నాయి.