అమ్మ కోసం కోయకుండా ఉంచిన సొరకాయ

మా చిన్నప్పుడు... స్నానం చేసిన నీళ్లు కూడా ఊరికే మోరీలో పోయేవి కావు. పెరట్లో స్నానాల బండ మీద నుంచి జారి, చిన్న కాలువలో పారి, నేరుగా కూరగాయల పాదులకు చేరేవి. గోపాల్‌పేట దగ్గర మా ఊరు. మాఘం వెళ్లిందంటే బావిలో నీళ్లు అడుగంటేవి. అందుకే మా పెరట్లో బెండ, గోరుచిక్కుడు, బీర, సొర... అన్నీ మా ఒంటి మురికి తాగి పెరిగినవే! నవ్వకండి, ఆ రుచి ఇప్పుడు ఏ మార్కెట్లోనూ దొరకదు.

ఆ పాదులన్నీ అమ్మవి. ఒక ఏడాది శివరాత్రికి ముందు నన్నూ, మూడేళ్ల తమ్ముణ్ణీ అవ్వ దగ్గర వదిలి అమ్మా నాయినా వలస పోయారు... పూణె దిక్కు కాలువ పనికి. అవ్వ అంటే మా నాయనమ్మ. మా వైపు అప్పుడు వలస మామూలే, పంటలు అయిపోతే సగం ఊరు ఖాళీ అయ్యేది. పోయే రోజు పొద్దున్నే అమ్మ నానబెట్టిన సొర గింజలు తెచ్చి బండ పక్కన నాటింది. నేను కొంగు పట్టుకుని వదల్లేదు.

"ఏడ్వకు బిడ్డా... గీ తీగెకు కాయ పడేటాల్లకు ఒస్త. జర నీళ్లు సూసుకో" అంది.

అంతే... తీగ ఎంత తొందరగా పెరిగితే అమ్మ అంత తొందరగా వస్తుందని తీర్మానించుకున్నాను. పాదుకు నీళ్లు పారాలని పొద్దునా సాయంత్రం స్నానం మొదలుపెట్టాను. బావి నుంచి నీళ్లు మోసేది అవ్వ కదా, ఆమెకు ఒళ్లు మండేది. "ఏందే, నీ పెండ్లా? గిన్ని తానాలేంది?" అని తిట్టేది. తిడుతూనే ఇంకో బిందె తెచ్చేది.

తీగ కొట్టం మీదికి పాకింది. సాయంత్రాలు తెల్లపూలు విచ్చుకునేవి. ఉగాదికి ఒక కాయ నిలబడింది. మెడ సన్నగా, అడుగు గుండ్రంగా, పచ్చటి తోలు మీద తెల్లటి చుక్కలతో... ఎంత ముద్దుగా ఉండేదో!

మా వైపు విత్తనానికి వదిలే కాయకు ఓ గుడ్డపేలిక కడతారు. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. నేను అమ్మ పాత చీర అంచు చింపి ఆ కాయ మెడకు కట్టేశాను.

"మొదటి కాయనే ఎవలన్న ఇత్తనానికి పెడ్తరానే? గోరు దిగుతుండంగనే కోసి వండుకోవాలె" అని అవ్వ కత్తిపీట పట్టుకుని వచ్చింది.

"ఇత్తనానికి గాదవ్వా... అమ్మకు" అన్నాను. అవ్వ కత్తిపీట తీసుకెళ్లి లోపల పెట్టేసింది.

నేను రోజూ నిచ్చెనెక్కి గోరు గుచ్చి చూసేదాన్ని. మొదట్లో దిగేది... తర్వాత దిగలేదు. వెనక పుట్టిన కాయలన్నీ కూరలైపోయాయి. ఆ ఒక్కటి ముదురుతూనే ఉంది. అమ్మ రాలేదు.

మామిడికాయలు పచ్చడికి కోసే రోజుల్లో నాయిన వచ్చాడు. ఒక్కడే. చేతిలో అమ్మ బట్టల మూట ఉంది. "కోడలేదిరా?" అని అవ్వ వాకిట్లోనే అడిగింది. నాయిన మూట అరుగు మీద పెట్టి చెప్పాడు. పని దగ్గర డేరాల్లో జ్వరాలు వచ్చాయట... దవాఖానకు చేర్చేలోపే అమ్మ ప్రాణం పోయిందట... అక్కడే మట్టి చేశారట.

నేను నమ్మలేదు. ఏడవనూ లేదు. పెరట్లోకి పరుగెత్తి ఆ తీగ మొదట్లో బిందెడు నీళ్లు కుమ్మరించాను. కాయ పడింది కదా... వస్తానంది కదా!

వానలకు ముందు అవ్వ ఆ కాయను దింపింది. ఎండి బుర్ర అయిపోయింది, ఊపితే గింజలు గలగలమన్నాయి. పగలగొట్టి, గింజలు బూడిదలో కలిపి, ఆ చీర పేలికలోనే మూటగట్టి నా చేతిలో పెట్టింది. "మీయమ్మ పెట్టిన తీగె బిడ్డా... పోనియ్యకు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటి నుంచి ఏటా ఆ గింజలే నాటేదాన్ని. ఏటా ఓ కాయకు పేలిక కట్టేదాన్ని... విత్తనానికి. అడిగిన వాళ్లందరికీ అవ్వ గింజలు పంచేది. కొల్లాపూర్‌కు, ధరూర్‌కు కోడళ్లుగా పోయిన మా ఊరి ఆడపిల్లల కొంగుల్లో కూడా కట్టి పంపేది.

ఇప్పుడు అవ్వ లేదు, నాయినా లేడు. తమ్ముడు కొట్టం తీసేసి స్లాబు ఇల్లు కట్టాడు. పెరడంతా సిమెంటు. "ఇగ కాళ్లకు బురద అంటదక్కా" అని సంబరంగా చూపించాడు. వాణ్ణి ఏమనగలను... వాడికి అమ్మ ముఖమే గుర్తులేదు.

నేను వనపర్తిలో మేడ మీద అద్దె ఇంట్లో ఉంటాను. పెయింటు డబ్బాలో ఆ గింజలే నాటితే తీగ వచ్చింది, పూసింది, పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. మరుసటి ఏడూ అంతే. పోయిన వసంతంలో మిగిలిన గింజలన్నీ తడిగుడ్డలో కట్టాను... ఒక్కటీ మొలకెత్తలేదు. విప్పితే కుళ్లు వాసన వచ్చింది. నాయిన ఒక్కడే వచ్చిన రోజు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను.

మా ఆయన పాపం, షాపు నుంచి హైబ్రిడ్ గింజల ప్యాకెట్ తెచ్చిపెట్టాడు. నాటబుద్ధి కాలేదు. ఈ వసంతం డబ్బాలో ఉత్త మట్టే ఉంది. స్నానం చేసిన నీళ్లు గొట్టంలో గుడగుడమంటూ ఎటో పోతున్నాయి.

మీ ఇళ్లలోనూ అమ్మలు పెట్టిన పాదులు ఉండే ఉంటాయి... ఉంటే కింద రాయండి, చదువుకుంటాను. మా అవ్వ పంచిన గింజలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటాయన్న ఆశ నాకు లేదు. అయినా అడగకుండా ఉండలేకపోతున్నా...

ఎక్కడైనా, ఏ ఇంటి మీదైనా, మెడ సన్నగా, అడుగు గుండ్రంగా, తెల్ల చుక్కల సొరకాయ కనిపిస్తే... దాని మెడకు ఓ గుడ్డపేలిక కట్టండి. నేను వచ్చేదాకా ఎవరినీ కోయనివ్వకండి.