పేరు కుట్టిన చేపల సంచి

నిన్న పొద్దున రేవులో ఐసు పగలగొడుతుంటే జైనబీ వదిన ఫోన్ చేసింది.

“మీ అన్న లేడమ్మే” అనింది. అంతే.

ఏ అన్న, అని అడిగాను. నాకు తోడబుట్టిన అన్నలు లేరు. ఉన్న ఒక్కడూ మస్తానన్నే. తెలిసి కూడా అడిగాను.

నమాజు చేసుకొని వచ్చి కాసేపు నడుం వాల్చాడంట. టీ ఇద్దామని లేపితే లేవలేదంట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మస్తానన్న వాకాడు సెంటర్‌లో పరుపులు కుట్టేవాడు. నా దగ్గర చేపలు తెప్పించుకునే వాళ్లందరికీ ఆయన చేతి పని తెలుసు, మనిషి తెలియదు. అందుకే ఈ పోస్ట్.

మా ఊరి పడవల చేపలు నెల్లూరు ఇళ్లకి పంపే చిన్న బిజినెస్ నాది. మొదట్లో అందరిలాగే థర్మోకోల్ పెట్టెల్లో పంపేదాన్ని. ఒకసారి వాడితే విరిగిపోయేవి. ఆ ముక్కలు కాలవల్లో పడి తిరిగి సముద్రంలోకే వచ్చేవి. మా నాన్న వలలోంచి వాటిని ఏరుతూ, “నువ్వు పంపిన పార్సిల్ రిటర్న్ వచ్చిందమ్మా” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం గుచ్చుకునేది.

ఒకరోజు దిండ్లు కుట్టించుకోవడానికి పోయి, ఈ గోడు మస్తానన్న దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆయన సూది ఆపకుండానే, చేపలకి ఒక పరుపు కుడితే పోలా, అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు. వారం తిరక్కుండా కుట్టి తెచ్చాడు.

రొయ్యల గుంటల దగ్గర పారేసే మేత సంచులు, మధ్యలో రైస్ మిల్లు ఊక. వేడిని ఊక లోపలికి రానివ్వదు, మా తాతల కాలంలో ఐసు దాచింది ఊకలోనే గదా అన్నాడు. ఊరంతా నవ్వింది. చేపలకి పరుపైతే అయింది, దుప్పటి ఎప్పుడు కుడతావు భాయ్ అని ఒకటే ఆటపట్టించడం.

మొదటి ట్రిప్పు అట్టర్ ఫ్లాప్.

పరుపులు కుట్టే చెయ్యి కదా, అలవాటు చొప్పున ఆ చివర నుంచి ఈ చివరకి దారం గుచ్చి టాకాలు వేసేశాడు. ఆ సూది రంధ్రాల్లోంచి ఐసు నీళ్లు దిగి ఊక నానిపోయింది. బస్సు గూడూరు కూడా దాటకముందే ఒకటే కంపు. కండక్టర్ సంచినీ నన్నూ కలిపి దింపేశాడు. ఎర్రటి ఎండలో రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విని, లోపల కుట్టు లేని సంచి ఇంకోటి వదులుగా వేస్తే సరి, అన్నాడు.

అది పనిచేసింది. చేపలు నెల్లూరు దాకా చల్లగా పోయాయి.

సంచులు మాత్రం వెనక్కి రాలేదు.

అసలు గండం అదే. తిరిగొస్తేనే ఈ లెక్క నిలబడుతుంది. ఆయన కుడుతూ పోవడం, జనం అటక మీద పెట్టుకుంటూ పోవడం అయితే నేను మళ్లీ థర్మోకోల్ కొనాలి, లేదా షాపు మూసుకోవాలి. డిపాజిట్ పెడదామన్నాను. వద్దన్నాడు. డబ్బు కట్టేశాం కదా, ఇంక ఇది మనదే అనుకుంటారంట.

“మీ వంటింట్లో ఎవురిదన్నా గిన్నె ఉండాదా?” అని అడిగాడు.

మా పిన్నిది ఉంది. దాని మీద పేరు కొట్టించి ఉంది. ఎప్పుడెప్పుడు ఇచ్చేద్దామా అని దాన్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

“అదేమ్మే. కంపెనీ పేరుంటే పారేస్తారు. మనిషి పేరుంటే ఇంటికి చేరుస్తారు.”

నేను ముచ్చటపడి చేయించుకున్న లోగో పక్కన పడేసి, ప్రతి సంచి మీదా ఎర్ర దారంతో నా పేరు, ‘శైలజ, వాకాడు’ అని కుట్టాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని గొడవపడ్డాను కూడా.

మొదట తిరిగొచ్చిన సంచి నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం కరెంటు ప్లాంట్ క్వార్టర్స్ నుంచి. కంపెనీ బస్సు డ్రైవర్ తెచ్చిచ్చాడు. తెరిస్తే లోపల మునక్కాయలు! గిన్నె ఖాళీగా పంపకూడదు కదా, అందుకని ఆ ఇల్లాలు పెట్టింది. ఆ తర్వాత నిమ్మకాయలొచ్చాయి, కరివేపాకొచ్చింది. సంచులన్నీ ఇంటికొచ్చాయి. ఆ మునక్కాయలు పట్టుకొని మస్తానన్న అంగడి మెట్ల మీద కూర్చుని నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

సప్లై చెయిన్, సస్టైనబుల్ అని మీటింగుల్లో నన్ను మాట్లాడమంటుంటారు. నేను ఈ మునక్కాయల సంగతే చెబుతాను.

మొన్న రంజాన్‌కి ఆయన సేమ్యా పంపిన స్టీలు గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. ‘షేక్ మస్తాన్’ అని చెక్కి ఉంది. మంచి వంజరం చేప పడితే పులుసు చేసి అందులోనే పంపుతానన్నాను. కనబడినప్పుడల్లా, నా గిన్నె నీకు అచ్చొచ్చినట్టుందే, అని ఏడిపించేవాడు.

నిన్న పడింది వంజరం. ఫోన్ వచ్చేసరికి దాన్ని ఆయన కోసం పక్కన తీసిపెట్టి ఉన్నాను.

రాత్రే పులుసు పెట్టాను. మన పులుసు మర్నాటికే గదా రుచి. ఆ ఇంట్లో ఈ మూడు రోజులూ పొయ్యి వెలిగించరు. ఇంకాసేపట్లో ఆ గిన్నె నింపుకొని వదిన దగ్గరికి పోతున్నాను.

గిన్నె ఇంటికి చేరుతుందన్నా. నువ్వు లేని ఇంటికి.

ఊరందరికీ మెత్తగా పక్క పరిచావు. ఇప్పుడు నువ్వూ హాయిగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.