చెవిమేస్త్రి ఎంచుకున్న పెట్టె

మా తోడల్లుడిని షెడ్డులో అందరూ చెవిమేస్త్రి అంటారు. బండి గేటు దాటకముందే దాని జబ్బు చెప్పేయడం ఆయన ప్రత్యేకత. బానెట్ ఎత్తడం తర్వాతి సంగతి. ముందు జేబులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి, కళ్ళు మూసుకుంటాడు. "రెండో సిలిండరు దగ్గుతోంది," అంటాడు. విప్పి చూస్తే దగ్గేది రెండోదే. ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఫ్యాను తిరుగుతుంటే బేరింగు ఆయుష్షు లెక్కగట్టేవాడు. మా ఉమ్మడి మామగారు గురక పెడుతుంటే, "టైమింగు తప్పింది, సరిచేయించాలి," అని అత్తగారి ఎదుటే అనేవాడు.

అలాంటి మనిషికి చెవులు పోయాయి. ఎడమది దాదాపు పూర్తిగా, కుడిది సగానికి పైగా. పాతికేళ్ళు రేకుల షెడ్డులో సుత్తిదెబ్బల మధ్య బతికిన చెవులు, ఎంతకాలమని ఓర్చుకుంటాయి?

ఈ సంగతి నాకు తెలియడం కూడా చిత్రంగానే జరిగింది. ఒకరోజు నా స్కూటరు చూపించడానికి షెడ్డుకు వెళ్ళాను. ఆయన పక్కన నిలబడి, తల ఒక వైపుకు వంచి, కాసేపు విన్నట్టు మొహం పెట్టి, "స్లో రన్నింగ్ బాగానే ఉంది తమ్ముడూ, నీకు అనుమానం జాస్తి," అన్నాడు. స్కూటరు తాళం నా చేతిలో ఉంది. ఇంజను ఆపి చాలాసేపయింది.

నా మొహం చూశాక ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకుని టైర్ల గుట్ట వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఎవరికీ చెప్పకు. మీ వదినకి అసలే చెప్పకు. చెవిమేస్త్రికి చెవుల్లేవని తెలిస్తే ఓనరు నన్ను షెడ్డు ఊడ్చడానికి కూడా ఉంచుకోడు."

"మరి ఇంజన్లెలా చూస్తున్నావు అన్నయ్యా?"

"స్క్రూడ్రైవర్ ఆనిస్తే ఎముకలోంచి వస్తుంది. గాల్లోంచే రాదు."

ఇంట్లో నెపమంతా టీవీ మీదకు నెట్టాడు. ఈ టీవీలో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయనేవాడు, మనుషులు నోట్లో దూది పెట్టుకుని మాట్లాడుతున్నట్టుందనేవాడు. చెవులకు పేరుపడ్డ మొగుడు అంటున్నాడు కదా అని వదిన నమ్మింది. టీవీ రిపేరు చేసేవాణ్ణి పిలిపించింది. అతను బాగానే ఉందంటే, "నీకు వినడం రాదు," అని తిట్టి పంపింది. పక్కింటివాళ్ళు గోడ కొట్టే దాకా సౌండు పెరిగాక, ఆవిడే తీర్మానించింది: హోం థియేటర్ కొందాం, ఎంచేది మీరే.

అంతవరకే అయితే ఎలాగో గట్టెక్కేవాళ్ళం. ఈ కబురు షెడ్డు ఓనరు చెవిన పడింది. ఆయనా కొత్త ఇంట్లో ఒకటి పెట్టించుకోవాలని చూస్తున్నాడు. "మేస్త్రీ, నువ్వు వెళ్ళేటప్పుడు నేనూ వస్తా. నీ చెవికి ఏది ఆనితే నాకూ అదే," అన్నాడు.

చెవిమేస్త్రి ఆ సాయంత్రమే నా దగ్గరకొచ్చాడు. తినడానికి పెట్టినదేదీ ముట్టుకోలేదు. "తమ్ముడూ, నువ్వూ రావాలి. ఓనరు ముందు నా పరువు నీ చేతుల్లో ఉంది," అన్నాడు. ఇద్దరం కూర్చుని పథకం వేశాం. మొదటి సెట్టు బాగుంటే నేను కళ్ళజోడు సవరించుకోవాలి. రెండోదైతే ముక్కు గోక్కోవాలి. మూడోదైతే పొట్ట నిమురుకోవాలి. పొట్ట నిమరడం నాకు సహజంగా వస్తుందని ఆయన అభిప్రాయం.

ఆదివారం మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళాం. వదిన ముందు, వెనకాల ఓనరు, ఆ వెనక మేమిద్దరం దొంగల్లా. అమ్మే కుర్రాడు మర్యాదస్తుడు. గోడలకు మెత్తటి గుడ్డ అతికించిన ఒక గదిలోకి తీసుకెళ్ళి, సోఫాలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. వేయగానే వీధి చప్పుడంతా తెగిపోయింది. ఎదురుగా మూడు జతల స్పీకర్లు. వాటి మధ్య బల్ల మీద, నీలం లైటు వెలుగుతున్న రిసీవర్.

"టీవీలోంచి, ప్లేయర్లోంచి వచ్చే శబ్దమంతా ముందు ఈ రిసీవర్లోకే వస్తుంది సార్. ఏ స్పీకరుకు ఎంత పంపాలో ఇదే చూసుకుంటుంది. ఒకే పాట మూడు సెట్లలోనూ పెడతాను. మీరు వినండి చాలు."

"వినడానికి మావాణ్ణి మించినవాడు లేడులే," అన్నాడు ఓనరు, మేస్త్రి భుజం చరిచి. నేను కళ్ళజోడు తీసి తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ కుర్రాడు స్విచ్చి దగ్గరకు వెళ్ళాడు.

"లైటు తీసేస్తున్నా సార్. కళ్ళకు పని తగ్గితే చెవులు బాగా పనిచేస్తాయి."

గది చీకటైపోయింది.

నా కళ్ళజోడు, ముక్కు, పొట్ట, అన్నీ ఆ చీకట్లోనే కలిసిపోయాయి. పక్కనున్న మేస్త్రి చెయ్యి వచ్చి నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. పాట మొదలైంది. మొదటి సెట్టు శుభ్రంగా ఉంది. రెండోది ఇంకా బాగుంది, పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. మూడోది మొదలవగానే వదిన "అబ్బా" అంది. రేకు డబ్బాలో బోల్టులు పోసి ఊపినట్టుంది. నేను ఆయన చెవి దగ్గరకు వంగి "రెండోది, రెండోది" అని గుసగుసలాడాను. గుసగుస వినపడే చెవులైతే ఇంత కథ ఎందుకు?

"ఏమంటావు మేస్త్రీ?" అని ఓనరు అడిగాడు.

నేను మేస్త్రిని మోచేత్తో పొడిచాను. పొడిస్తే మాట్లాడాలని అర్థమైనట్టుంది, "ఇంకోసారి పెట్టించండి," అన్నాడు.

మళ్ళీ పాట మొదలైంది. నా మోకాలి మీది పట్టు వదులైంది. రిసీవర్ నీలం వెలుగులో ఒక ఆకారం లేచి స్పీకర్ల వైపు నడవడం కనిపించింది. వద్దని చొక్కా పట్టుకోబోయాను, అందలేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ బయటికి వచ్చింది. మొదటి స్పీకరు పెట్టెకు మొన ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెదవి విరిచాడు. రెండో పెట్టె దగ్గరా అంతే. మూడో పెట్టెకు ఆనించగానే ఆ మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకో పాట విన్నవాడి మొహం అది.

"ఇదీ పెట్టె అంటే! ప్రాణమున్న పెట్టె ఇదే! మిగతా రెండూ మొద్దులు," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

కుర్రాడు గబగబా లైటు వేశాడు. పాట ఆపాడు.

"సార్... అది అమ్మడానికి కాదు. తేడా తెలియడానికి పెడతాం. దాన్ని విన్నాక మిగతావి నచ్చుతాయని. ఇంతవరకూ దాన్ని ఎవరూ ఎంచుకోలేదు సార్. మంచి పెట్టె వణకదు. శబ్దాన్ని గాల్లోకి వదిలేస్తుంది. ఇది చవక చెక్క, ఒళ్ళంతా వణుకుతుంది."

ఓనరు పెద్దగా నవ్వాడు. "అబ్బాయ్, మావాడు నిన్ను ఆట పట్టిస్తున్నాడయ్యా!" అని, నవ్వు ఆపి, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ఇంకా స్పీకర్ల వైపే తిరిగి, ఆ పెట్టెను చేత్తో తడుముతూ మురిసిపోతున్నాడు.

"మేస్త్రీ," అన్నాడు ఓనరు.

ఆయన తిరగలేదు.

"మేస్త్రీ!"

గుడ్డ అతికించిన ఆ గదిలో పిలుపు ఎక్కడా మోగలేదు. అందరం వింటున్నాం. ఆయన ఒక్కడే వినడం లేదు. ఓనరు నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. వదిన ఓనరునీ, నన్నూ, మొగుడి వీపునీ వరసగా చూసింది.

మేస్త్రి నవ్వుతూ ఇటు తిరిగాడు. ఒక్కొక్క మొహమే చదువుకుంటూ వచ్చాడు. వదిన దగ్గరకు వచ్చేసరికి నవ్వు జారిపోయింది.

"అయితే టీవీ బాగానే ఉందా?" అంది వదిన.

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"పాపం ఆ రిపేరు మనిషిని ఎన్ని మాటలన్నానండీ! గుమ్మం దాకా తరిమాను! టీవీ బాగానే ఉందా అని అడుగుతుంటే?"

"బాగానే ఉంది," అన్నాడు ఆయన. తర్వాత వదిన నా వైపు తిరిగింది. "మరిదిగారూ, మీకు తెలుసా?" అని అడిగింది. నేను అలవాటుగా పొట్ట నిమురుకున్నాను. ఇక చెప్పేదేముంది.

ఓనరు మేస్త్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నవ్వు ఆనవాలైనా లేదు.

"మొన్న ఆ ఆసుపత్రి బండి. ఇంజను బాగుందని నువ్వే అన్నావు. విన్నావా, వినలేదా?"

"విన్నాను సార్. ఎముకతో విన్నాను. ఆనించి వింటే ఇంజను జబ్బు ఇప్పటికీ నాకు దొరుకుతుంది."

"రోడ్డు మీద? టెస్టుకు తీసుకెళ్ళినప్పుడు?"

మేస్త్రి అబద్ధం ఆడి ఉంటే నమ్మించగలిగేవాడేమో, ఆ క్షణంలో నాకైతే ఆయన ఆడతాడనే అనిపించింది.

"రోడ్డు మీద వినపడదు. పక్కన కూర్చున్నవాడి మొహం చూస్తాను. వాడు ఉలిక్కిపడితే ఆపుతాను."

"రేపటి నుంచి రోడ్డు టెస్టుకు వెళ్ళకు," అన్నాడు ఓనరు.

ఆ మాటా ఆయనకు అందింది. తల ఊపాడు. పాతికేళ్ళుగా ఆ షెడ్డులో ఏ బండి అయినా ఆయన చక్రం పట్టి తిప్పుకొచ్చాకే యజమానికి చేరేది. స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు. రెండో ప్రయత్నానికి దొరికింది.

బయటికి వెళ్ళిపోదామని నేను లేచాను. వదిన కదల్లేదు. మొగుడి జబ్బ పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది.

"బాబూ, పాటలొద్దు, సినిమా యుద్ధాలొద్దు. మనిషి మాట పెట్టు. వార్తలు పెట్టు," అంది కుర్రాడితో. తర్వాత మొగుడికి ఎదురుగా వంగింది. "మీరు వినపడితే ఏం వినపడిందో చెప్పండి. వినపడకపోతే వినపడలేదనే అనండి. ఎవరి మొహమూ చూడకూడదు."

ఓనరు తలుపు దగ్గరే ఆగిపోయాడు. కుర్రాడు మొదటి సెట్టులో వార్తలు పెట్టాడు. మేస్త్రి చూపు గబుక్కున నా మీదకు వచ్చింది. నేను పైకప్పు వంక చూశాను. గదిలో వార్తలు చదివే ఆవిడ గొంతు ఒక్కటే. ఆయన నుదుటి మీద చెమట.

"వినపడలేదు," అన్నాడు. ఎవరి మొహమూ చదవకుండా ఆ మాట అనడం అదే మొదలు. గొంతు కీచుగా వచ్చింది.

రెండో సెట్టు. "ఏదో రైలు... కాదు. వినపడలేదు."

కుర్రాడు ఆలోచించి, టీవీ కింద పెట్టే పొడవాటి మధ్య స్పీకరు ఒకటి తెచ్చి కలిపాడు. మాటలన్నీ ఇందులోంచే వస్తాయని, వాటిని మాత్రమే రిసీవర్‌లో పెంచవచ్చని చెప్పి, ఏదో తిప్పాడు. మేస్త్రి ముందుకు వంగాడు.

"రేపు మధ్యాహ్నం నుంచి వాన... అక్కడక్కడా... తర్వాతి మాట పోయింది."

"తర్వాత ఏమంది?" అంది వదిన.

"పోయిందంటున్నాగా!" అని కసిరాడు ఆయన.

"ఇది కట్టించు బాబూ," అంది వదిన. కళ్ళు ఒత్తుకుంటూనే.

ఓనరు తలుపు తీశాడు. వీధి చప్పుడు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. బయటికి అడుగు పెడుతూ, మా వైపు వీపు పెట్టి, ఏదో అన్నాడు. పాత చెవిమేస్త్రి అయితే తల ఊపి, తర్వాత నన్ను పక్కకు లాగి ఏమన్నాడని అడిగేవాడు. ఈయన సోఫాలోంచి లేచాడు.

"సార్, ఇటు తిరిగి చెప్పండి. మీ నోరు కనిపించాలి."

ఓనరు వెనక్కి తిరిగాడు. పెద్దగా అరవబోయి, ఎందుకో తగ్గించుకుని, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ తర్వాత షెడ్డుకు రా. ఇంజన్లు నీవే."

"రోడ్డు టెస్టు?"

"అది నీది కాదు."

"సరే సార్. వినపడింది," అన్నాడు మా తోడల్లుడు.