పక్కింటి సింహేంద్రమధ్యమం

బెంజ్ సర్కిల్ దగ్గర వాయిద్యాల షాపులో ఎవరో పియానో మెట్లు నొక్కుతుంటే, చిన్నప్పటి హంగేరియన్ స్కేలు అనే స్వరాల వరుస వినిపించి ఆగిపోయాను.

చర్చిలో పియానో వాయించే మా పెద్దమ్మ నాకది నేర్పింది. విజయవాడలో ఇంకెవరికీ రాదని నా గర్వం. ఓ రోజు నేను సాధన చేస్తుంటే, పక్కింటి కామాక్షమ్మగారు అవే స్వరాలు పాడారు.

"నా స్కేలు కాపీ కొట్టకండి!" అని కిటికీలోంచి అరిచాను.

"ఓరి నీ అసాధ్యం కూలా! మా కర్ణాటక సంగీతంలో దీన్ని సింహేంద్రమధ్యమ రాగం అంటాంరా. నువ్వు వాయించు, నేను పాడతా," అని నవ్వారావిడ.

అబద్ధమనుకుని కిటికీ మూసేశాను. మర్నాటి నుంచి ఆవిడ గొంతు వినిపించలేదు. గెలిచాననుకుని ఇంకా గట్టిగా వాయించాను.

పేర్లే వేరు, స్వరాలు ఒకటేనని పెద్దయ్యాక తెలిసింది. ఆవిడ నాతో కలిసి పాడాలనుకున్నారని అర్థం కావడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.