నడుముకు తువ్వాలు కట్టిన పరుగు

ఈ ఉదయం వాకిట్లో కూర్చుని కాలిగోళ్లు తీసుకుంటుంటే, ఎడమకాలి బొటనవేలి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఎప్పటిలాగే ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆ గోరు తిన్నగా పెరగదు. దళసరిగా, పక్కకు ఒంపు తిరిగి వస్తుంది. దాన్ని కత్తిరించడానికి పట్టే కాసేపట్లో నా బుర్ర పాత లెక్క ఒకటి తిరగేస్తుంది. ఆ ఒక్కరోజు పరుగులో నావి మూడు గోళ్లు పోయాయి, రెండు మళ్లీ తిన్నగానే వచ్చాయి. ఒంట్లో నాలుగు కిలోల బరువు పోయింది, నెల తిరగకుండానే అదీ వచ్చింది. బూట్లు ఒక జత పోయాయి. నీలం గళ్ల తువ్వాలు ఒకటి పోయింది, అది నాది కాదు. చొక్కాలకు గుచ్చుకున్న నంబరు కాగితాలు రెండు పోయాయి, అందులో ఒకటి పోనక్కర్లేదు. ఆ తర్వాతి ఏళ్లలో పోయిన ఒక దారినీ, ఒక మనిషి మాటనూ ఇందులో కలపాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను పదో తరగతి దాటని మనిషిని. అయినా చిన్నప్పటి నుంచీ దేన్ని చూసినా కొలవాలనిపించేది. మా సముద్రపు ఒడ్డు ఊళ్లలో రొయ్యల గుంటలు తవ్వడం మొదలైన రోజుల్లో, గుంట పొడవూ వెడల్పూ లోతూ చూసి ఎన్ని నీళ్లు పడతాయో, ఎంత సున్నం చల్లాలో, ఎంత మందు కలపాలో నోటిలెక్కగా చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ వచ్చిందంతే. విడవలూరు చుట్టుపక్కల నన్ను పేరుతో కాక లెక్కలాయన అనే పిలిచేవాళ్లు. ఆ పిలుపు తలకెక్కి, నలభై దాటాక నేనూ ఒక గుంట కౌలుకు తీసుకున్నాను. వరసగా రెండు పంటలు తెల్లమచ్చల తెగులుకు పోయాయి. రెండోసారి చచ్చిన రొయ్యలను గట్టుమీద పూడ్పించి ఇంటికి వచ్చినవాణ్ణి నెలల తరబడి మంచం దిగలేదు. గుంట కొలవమని ఎవరైనా వస్తే, తన గుంట లెక్కే తప్పినవాడి దగ్గరకు ఎందుకొచ్చారని తిప్పి పంపేవాణ్ణి.

నా స్నేహితుడు ఐసు బండి తోలేవాడు. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున గుంటల దగ్గరకూ, పడవలు వచ్చే వేళకు రేవుకూ ఐసు చేరవేసేవాడు. నాకంటే మూడేళ్లు చిన్న. వాళ్ల నాన్న, తాత అలివి వల లాగినవాళ్లు. పడవ మీద పోయి వలను సముద్రంలో అర్ధచంద్రంగా వదిలి వస్తే, ఒడ్డున రెండు జట్లు చెరో కొస తాడునూ నడుముకు చుట్టుకుని, వెనక్కి వాలి, అడుగులో అడుగు వేస్తూ లాగేవాళ్లు. ఆ లాగుడు నా స్నేహితుడి ఒంట్లోనే ఉండేది. నేను మంచం పట్టానని విని తెల్లవారకముందే వచ్చి, ఏమీ అడక్కుండా నా చెప్పులు తెచ్చి మంచం ముందు పెట్టేవాడు. మొదటి వారం కాలువ వంతెన దాకా నడిపించాడు, తర్వాత సరుగుడు తోపు దాకా, ఆ తర్వాత ఎప్పుడు నడక పరుగయిందో నాకు గుర్తులేదు. మా ఆవిడ మాత్రం వాకిలి ఊడుస్తూ, "ఇద్దరినీ ఎవురు తరమతా ఉండారని రోజూ ఇట్టా పరిగెత్తతారు? అప్పులోళ్లయితే ఇంటికే వస్తారు, పరిగెత్తే పన్లేదు" అనేది. వాడు నవ్వి, "వదినా, ఈయన్ని ఇంట్లో ఉంచుకునేదానికన్నా తరిమేదే మేలు గదా" అనేవాడు.

ఆ ఏడు టౌను నుంచి ఎవరో వచ్చి సముద్రం వెంబడి దారిలో పెద్ద పరుగు పెడుతున్నామని చెప్పారు. నలభై రెండు కిలోమీటర్ల నూట తొంభై ఐదు మీటర్లు, మధ్యాహ్నం పన్నెండు లోపల చేరాలి. నా స్నేహితుడికి అది ఓ వేడుక. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ. మొదలుపెట్టిన ప్రతి పనీ మధ్యలో మునిగిపోయిన నాకు, ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా చేసి చూపించుకోవాలన్న పంతం పుట్టింది. ఇది దాటితే మళ్లీ గుంట గట్టు ఎక్కుతాను, దాటకపోతే ఇంక ఎక్కను అని మనసులో అనుకున్నాను. పైకి చెప్పలేదు, అయినా వాడికి తెలుసు.

పరుగు రోజుకు క్రిస్మస్ పోయి నెల కాలేదు. వాళ్లింటి ముందు కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. దాని కిందే ఇద్దరం రాగి అంబలి తాగి చీకటితో బయలుదేరాం. సగం దూరం వరకూ బాగానే పోయాం. ఒకపక్క ఉప్పు మడులు, ఒకపక్క సరుగుడు తోపులు, వాటి వెనక అలల మోత. ఎండ ఎక్కేకొద్దీ ఆ తెల్లటి మడుల మీద వెలుగు కళ్లలో గుచ్చుకోసాగింది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర నా పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. నడుస్తూనే లెక్క కట్టాను, ఈ నడకతో గడువుకు నలభై నిమిషాలు వెనకబడతాం. చెప్పగానే వాడు విసుక్కున్నాడు. "ఆ లెక్క కాసేపు ఆపన్నా. నీ కాళ్లకన్నా ముందు నీ లెక్కే కూలబడతా ఉండాది" అని మెడలోని నీలం గళ్ల తువ్వాలు తీసి, ఒక కొస నా నడుముకు ముడివేసి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని, ముందుకు వాలి కదిలాడు.

మీలో అలివి వల లాగడం చూసినవాళ్లుంటే నేను చెప్పనక్కర్లేదు. బలంతో లాగడం కాదది, ఒళ్లు వాల్చి ఆ బరువుతో లాగడం. మూడు అడుగులకోసారి, వల లాగేటప్పుడు వాళ్ల నాన్న జట్టు వేసే కేకను వాడు చిన్నగా వేసేవాడు, ఆ కేకకు నా కాలు దానంతటదే లేచేది. అలా ఒక కిలోమీటరు, రెండు, మూడు. నేను చాటుగా మళ్లీ లెక్క కట్టాను. ఇలాగే పోతే గడువుకు ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. రెండేళ్లలో నా లెక్క ఒకటి నావైపు తేలడం అదే మొదలు. వాడితో చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

ముప్పయ్యారో కిలోమీటరు రాయి దగ్గర పరుగు పెట్టినవాళ్ల తాలూకు కుర్రవాడొకడు మోటారు సైకిలు మీద వచ్చి ఆపాడు. మెడలో ఈల ఉంది. ఎంతో మర్యాదగా, ఒకరినొకరు లాగకూడదండీ, లాగించుకున్నవాళ్ల పరుగు లెక్కలోకి రాదండీ అన్నాడు. మాకు ఆ సంగతి నిజంగా తెలియదు. మా ఒడ్డున ఒంటిచేత్తో ఒడ్డెక్కిన వల నేనెప్పుడూ చూడలేదు. ఆ కుర్రవాడు నా చొక్కా మీది కాగితం విప్పుకుని, నా స్నేహితుడితో మీరు వెళ్లవచ్చు, మీకింకా చాలా సమయం ఉంది అన్నాడు. నేనూ పొమ్మన్నాను, గట్టిగా తిట్టాను కూడా. వాడు తాపీగా తన పిన్నీసులు ఊడదీసి కాగితం ఆ కుర్రవాడి చేతిలో పెట్టి, "వల ఒడ్డెక్కకముందే తాడు ఇడిసిపెట్టి పోయేవాణ్ణి మా వాడలో ఏమంటారో నువ్వు వినలేదు బాబూ. వినకపోయేదే మంచిది" అన్నాడు.

ఇద్దరం సరుగుడు నీడలో కూలబడ్డాం. నా కళ్లలో నీళ్లు చూసీ చూడనట్టు వాడు ఇంకా ఎంత ఉందని అడిగాడు. ఆరు కిలోమీటర్ల నూట తొంభై ఐదు మీటర్లని చెప్పాను.

"ఆ నూట తొంభై ఐదు ఏందన్నా, కొసరా?"

"కొసరే."

"అయితే కొసరుతో సహా ఇచ్చేద్దాం, ఇంకో రోజు. దారి యాడికి పోద్ది? ఈడనే ఉంటది గదా."

మళ్లీ ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలని గుర్తుకోసం ఆ తువ్వాలును సరుగుడు చెట్టుకు కట్టి వచ్చాడు.

ఆ ఇంకో రోజు రాలేదు. ఒకసారి వాన, ఒకసారి వాడి బండి మరమ్మతు, ఒకసారి మా ఇంట్లో పెళ్లి. దారి ఎక్కడికీ పోదని ఇద్దరికీ ధీమా. తర్వాత ఒక ఏడు సర్వే వాళ్లు ఎర్రరంగు పూసిన హద్దురాళ్లు పాతారు, మరు ఏడు తోపు నరికారు, ఆ పై ఏడు పెద్ద ఓడరేవు పనులని చెప్పి ఆ దారికి అడ్డంగా గోడ లేపారు. చూద్దామని ఇద్దరం ఐసు బండిలో పోతే గేటు దగ్గర కాపలా మనిషి పర్మిషన్ ఉందా అని అడిగాడు. "పరిగెత్తేదానికి పర్మిషన్ ఏందబ్బా, పర్మిషన్ అడిగే కొద్దీ మనిషి ముసలోడవతాడు" అన్నాడు నా స్నేహితుడు. ఆ మనిషి నవ్వాడు గానీ గేటు తియ్యలేదు. వాడు బండి వెనక్కి తిప్పాడు.

ఆ తర్వాత రెండేళ్లకు వాడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటు మాటా పోయింది. నేను రోజూ తెల్లవారకముందే పోయి చెప్పులు మంచం ముందు పెట్టి చూశాను. నేను నేర్చిన ఏ కొలతా అక్కడ పనికి రాలేదు.

ఇప్పుడు మా ఒడ్డున అలివి వల లాగేవాళ్లు లేరు. లాగే కేకలు తెలిసినవాడి నోట మాట లేదు. వెంకటాచలం వైపు హైవే మీద పిల్లలు రంగు చొక్కాలు వేసుకుని పరుగులు తీస్తున్నారు. ఎవరి చెవుల్లో వాళ్ల పాట, ఎవరి పరుగు వాళ్లది. తప్పేం లేదు, రూలూ అదే. నేను గుంట గట్టు మళ్లీ ఎక్కలేదు.

ఆదివారం వాళ్లింట్లో అందరూ చర్చికి పోయిన వేళ నేను పోయి వాడి పక్కన కూర్చుంటాను. నన్ను చూడగానే ఎడమ చెయ్యి లేపుతాడు. అయిదు వేళ్లూ చాపుతాడు, ముడుస్తాడు, ఒక వేలు చూపిస్తాడు. ఆ తర్వాత బొటనవేలిని చూపుడువేలి కొసమీద ఆనించి, ఇంత అని చిటికెడు చూపిస్తాడు. వాళ్ల ఆవిడ చాలారోజులు అది మాత్రల లెక్కనుకుంది. నేను తల ఊపుతాను.

ఆరు కిలోమీటర్లు. కొసరు నూట తొంభై ఐదు మీటర్లు.